నూరు చింతపిక్కల దండ

మరాళపురానికి ఉత్తరాన నీలవాహిని నది రెండుగా చీలి మళ్ళీ కలిసేచోట ఒక దీవి ఉంది. ఆ దీవి మీద ప్రజ్ఞాసౌధం ఉంది. ఏడంతస్తుల మేడ. కింది అంతస్తు పాలరాయి, దాని మీద పచ్చరాయి, ఆ మీద చందనం, అలా పైకి పోనుపోను శిఖరాన బంగారు నెమలి. గాలి ఎటు వీస్తే అటు తిరిగి పురి విప్పుతుంది. కిటికీలకు ముత్యాల తెరలు. మెట్లకు పగడాల అంచులు. ఒడ్డున నిలబడి చూసినవాళ్ళు నోరు తెరవాలని కట్టారు, తెరుస్తూనే ఉన్నారు. లోపల ఏం జరుగుతుందని అడగడం మాత్రం ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు. ఇంత అందమైన మేడలో చెడ్డేం జరుగుతుందిలే అనుకున్నారు.

ఏటా శ్రావణమాసంలో ఒకరోజు ఏరుడు పండుగ, అంటే తెలివైన పిల్లలను ఏరే రోజు. నది ఒడ్డున పట్టుపందిరి వేసి, తొమ్మిదేళ్ళు నిండిన పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ నూరు ప్రశ్నలు అడుగుతారు. ప్రతి ప్రశ్నకూ రెండు జవాబులు వాళ్ళే చెబుతారు. పిల్ల అందులో ఒకటి ఎంచుకోవాలి. ఒప్పయితే ఒళ్ళో ఒక గవ్వ పడుతుంది, తప్పయితే చింతపిక్క. తొంభై గవ్వలు వచ్చినవాళ్ళు మేధావులు. వాళ్ళకు పల్లకీ, వాళ్ళ ఇంటి గుమ్మానికి ‘మేధావి గృహం’ అని ఇత్తడి పలక. మిగిలినవాళ్ళకు గుప్పెడు మరమరాలిచ్చి ఇంటికి పొమ్మంటారు. ఒక పిల్ల బుర్రలో ఏముందో ఒక్కపూటలో గవ్వలతో తేల్చేస్తారన్నమాట. మామిడిపండు కొనేటప్పుడైనా జనం ఇంతకంటే ఎక్కువసేపు వాసన చూస్తారు.

పల్లకీలెక్కిన పిల్లలను దీవికి దాటించేది మాచమ్మ. ఆమెది పుట్టి నడిపే పని. వెదురు తడికకు తోలు కప్పిన గుండ్రటి పడవ అది. పండుగ తాతలనాటిదైనా, పిల్లలను దీవికి పంపడం పదకొండేళ్ళ కిందటే మొదలైంది. అప్పటినుంచీ ఆమే దాటిస్తోంది. ఏటా ముప్పైమందికి తక్కువ లేదు. తిరుగు ప్రయాణంలో ఒక్క పిల్లనైనా ఎక్కించుకున్న పాపాన పోలేదు. అడిగితే, పైచదువులు, అన్నారు. తల్లిదండ్రులకు ఏడాదికొక ఉత్తరం వస్తుంది. ‘మేము క్షేమం. పాఠాలు బాగున్నవి.’ ఏ ఇంటికొచ్చిన ఉత్తరమైనా అదే చేతిరాత, ‘క్షేమం’ పక్కన అదే సిరామరక. ఆ ఉత్తరాలను కళ్ళకద్దుకుని పసుపురాసి పెట్టెల్లో దాచుకున్నారు. గుణింతాల దాకానే చదివిన మాచమ్మకు ఆ మరక కనిపించింది. కావ్యాలు చదివినవాళ్ళకు కనిపించలేదు.

ఆరేళ్ళ కిందట కుమ్మరివీధి సింగారిని దాటించింది. ఆ పిల్ల తనే చేసుకున్న మట్టి ఈలను దారి పొడుగునా ఊదింది. రెండు పొట్టికూతలు, ఒక పొడుగుకూత. “అత్తా, వచ్చేటప్పుడు నీకూ ఒకటి చేసి తెస్తా,” అని దిగిపోయింది. ఆ తర్వాత ఈల లేదు, పిల్ల లేదు.

అప్పటికి మాచమ్మ కూతురు తంగేడుకు మూడేళ్ళు. మాచమ్మ భయస్థురాలు. పిల్ల తుమ్మితే జ్వరమనుకుంటుంది, జ్వరం వస్తే ఆమెకు అన్నం సహించదు. ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. ఇంకొకరి పిల్ల గురించి నవ్వడం ఎవరికైనా తేలికే. ఆ తంగేడేమో రోజురోజుకీ భయపెట్టేలా తయారైంది. నాలుగేళ్ళకు, పుట్టి గుండ్రంగా తిరగకుండా తెడ్డు ఎక్కడ వెయ్యాలో చూపించింది. అయిదేళ్ళకు, పుట్టిలో కూర్చున్న పండితులు తగాదా పడుతుంటే ఎవరు ఎక్కడ తప్పారో అమ్మ చెవిలో చెప్పింది. నది దాటే వ్యాపారులు, జ్యోతిష్కులు, వైద్యులు ఏం మాట్లాడుకున్నా పిల్ల చెవిలో పడి అక్కడే ఉండిపోయేది.

తొమ్మిదో ఏడు దగ్గరపడే కొద్దీ మాచమ్మకు నిద్ర పట్టలేదు. చివరికి ఒక ఉపాయం కనిపెట్టింది.

“చూడమ్మా, నీకు ఏది ఒప్పనిపిస్తే దాన్ని వదిలి రెండోది చెప్పు,” అంది.

“అన్నిటికీనా?”

“అన్నిటికీ. నేను ఎదురుగా నిలబడి చెవి తమ్మె పట్టుకునుంటాను. నా చెయ్యి చెవిమీద ఉన్నంతసేపూ తప్పే చెప్పాలి.”

“అమ్మా, మధ్యలో కొన్ని ఒప్పు చెబితే బాగుంటుందేమోనే. మరీ అన్నీ తప్పితే...”

“ఒక్కటి కూడా వద్దు. ఒక్కటి ఒప్పుచెబితే రెండోది కూడా నోట్లోంచి జారుతుంది. నీ సంగతి నాకు తెలియదా?”

తంగేడు ఇంకేదో చెప్పబోయింది. మాచమ్మ వినిపించుకోలేదు. ఏడాదిపాటు తల్లీకూతుళ్ళు పొయ్యిముందు కూర్చుని తప్పులు చెప్పడం సాధన చేశారు. మిగతా ఇళ్ళల్లో ఒప్పులు బట్టీపట్టిస్తున్నారు. ఏ ఇంట్లోనూ పిల్లలు ఆడుకోలేదు.

అలా వచ్చింది ఈ ఏటి ఏరుడు పండుగ.

పందిరి కింద తల్లుల హడావుడి చూడాలి. ఒకామె కొడుకు నాలుకకు తేనె రాస్తోంది. ఒకామె కూతురి చేత ఆఖరి నిమిషంలో జ్ఞాపకశక్తికని సరస్వతాకు నమిలిస్తోంది. దండనాయకుడి భార్య తన పిల్లకు ఇద్దరు గురువులను పెట్టింది. ఒకరు ప్రశ్నలు చెప్పడానికి, ఒకరు జవాబులు చెప్పడానికి. ఆ పిల్ల ఒక్క జవాబు చెప్పగానే వెనక్కి తిరిగి తల్లి ముఖం చూస్తోంది. మాచమ్మ పక్కకు జరిగి నిలబడి చెవి తమ్మె పట్టుకుంది.

పరీక్షాధికారి శ్రీముఖశాస్త్రి. ఆకుపచ్చ తలపాగా, బంగారు అంచు శాలువా, వెండిచిలక పొదిగిన బెత్తం. పదిహేడు గ్రంథాలు ముక్కున పట్టినవాడు. పిల్లలకేసి చూడడు, చేతిలోని తాళపత్రం కేసే చూస్తాడు.

“పదమూడు పదిహేడులు రెండువందల ఇరవై ఒకటా, ఇరవై రెండా?”

“ఇరవై రెండు,” అంది తంగేడు. చింతపిక్క.

“పెరిగే చంద్రుడికి వెలుగు పడమటి వైపా, తూర్పు వైపా?”

“తూర్పు వైపు.” చింతపిక్క.

“కప్పకు తోక పిల్లప్పుడుంటుందా, పెద్దయ్యాకా?”

“పెద్దయ్యాక.”

జనం పగలబడి నవ్వారు. తంగేడు ముఖంలో ఏ మార్పూ లేదు. నూరు ప్రశ్నలు అయ్యేసరికి పిల్ల ఒళ్ళో నూరు చింతపిక్కలున్నాయి, ఒక్క గవ్వ లేదు.

“ఇంత మొద్దును నా జన్మలో చూడలేదు,” అన్నాడు శాస్త్రి. “పులుసు పెట్టుకోవడానికి పిక్కలున్నాయి, పండే తక్కువైంది.”

అన్నిటికంటే తక్కువ వచ్చిన పిల్లకు ఆ పిక్కలనే దండగుచ్చి మెడలో వెయ్యడం అక్కడి ఆచారం. ఆ ముచ్చటకోసమే సగంమంది వస్తారు. మోకాళ్ళదాకా వేలాడే దండ వేసి తంగేడును ముక్కాలిపీట మీద నిలబెడితే, దండనాయకుడి భార్య తన పిల్ల గడ్డం పట్టుకుని చూపించింది. “చూశావా, చదవకపోతే అలా అవుతారు.”

మాచమ్మకు ఆ దండ నవరత్నాల హారంలా కనిపించింది. పిల్ల దక్కింది. ఈ పూట ఇంటికెళ్ళి బెల్లమన్నం వండాలి. ఎందుకైనా మంచిదని చెవిమీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

అప్పుడు పందిరి వెనక నల్లతెర కదిలింది.

తెర వెనకనుంచి ప్రజ్ఞాసౌధం కులపతి జంబాలుడు వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. మోకాళ్ళను తాకే జడలు, ఆ జడల చివర సన్నగా పొగ. కళ్ళు మాత్రం ఆకలిగొన్న పిల్లి కళ్ళు. అతను మంత్రవేత్త అని అందరికీ తెలుసు. చదువు చెప్పేవాళ్ళకు ఆ మాత్రం మంత్రాలు రావాలిలే అని సరిపెట్టుకున్నారు.

“శాస్త్రీ, ఒక కోతిని పట్టుకొచ్చి ఈ పీటమీద కూర్చోబెట్టు,” అన్నాడు. “నూరు ప్రశ్నలడుగు. అది ఒకసారి కుడిచెయ్యి చూపిస్తుంది, ఒకసారి ఎడమచెయ్యి. ఎన్ని గవ్వలొస్తాయి?”

“కోతికా, కులపతీ? ఎన్నో కొన్ని... సగం దాకా రావచ్చు.”

“కోతికి సగమొస్తే, ఈ పిల్లకు ఒక్కటీ ఎందుకు రాలేదు?”

శాస్త్రి తాళపత్రం తిరగేసి చూశాడు. అందులో ఆ జవాబు లేదు.

“నూటికి నూరూ తప్పాలంటే నూటికి నూరూ ఒప్పులు తెలిసుండాలిరా, పదిహేడు గ్రంథాల గాడిదా. పదకొండేళ్ళుగా ఇలాంటి పిల్లకోసం వెతుకుతుంటే, నువ్వు నాకు చిలకలను ఏరి పంపిస్తున్నావు.”

మాచమ్మ చెయ్యి చెవిమీదే బిగుసుకుపోయింది. పొయ్యిముందు కూర్చున్న రోజు, మరీ అన్నీ తప్పితే, అని పిల్ల చెప్పబోయింది ఇదే. తను చెప్పనిచ్చిందా? ఏ నూతిలో పడకూడదని పిల్లను ఎత్తుకుని పరుగెత్తిందో, ఆ నూతి గట్టుమీదికే పరుగెత్తింది.

“నిరుడు ఏరిన పిల్లలందరూ పొద్దుటే అయిపోయారు. సూర్యాస్తమయం లోపు ఏడో అంతస్తు తలుపు ముందు దీన్ని నిలబెడతాను. శాస్త్రీ, నువ్వూ దీవికి రా. నీ లెక్క ఆ తర్వాత చూస్తాను,” అని జంబాలుడు జడ విదిల్చాడు. పొగ సుడి తిరిగి గద్ద ఆకారమైంది. గద్ద గోళ్ళల్లో తంగేడు. మాచమ్మ పీటదాకా వచ్చేసరికి భటుల బల్లేలు అడ్డుపడ్డాయి. పిల్ల ఆకాశంలోకి పోతూ అరవలేదు. అమ్మకేసి చూసింది, అమ్మ చెవికేసి చూసింది.

ఏడుస్తూ కూర్చుంటే పని జరగదు. మాచమ్మ రేవుకు పరుగెత్తింది. ఆమె పుట్టి తాడు విప్పేసరికి వెనకే శాస్త్రి రొప్పుతూ వచ్చాడు.

“ఏమే పుట్టిదానా, తొందరగా పోనియ్యి. కులపతి రమ్మన్నాడు.”

అరగంట కిందట ఆమె కూతురినే మొద్దు అన్నాడు. పదకొండేళ్ళుగా ఆమె పుట్టిలోనే తిరుగుతున్నాడు. అయినా ముఖం గుర్తుపట్టలేదు. చూస్తే కదా గుర్తుండడానికి.

“కూర్చోండి శాస్త్రిగారూ,” అంది మాచమ్మ.

నీలవాహిని ఆ రోజు పొంగుమీదుంది. ఎర్రటి నురగ, కొట్టుకొచ్చే మానులు, మానుల మీద పాములు. పుట్టి ఒక అలమీదికెక్కి ఇంకో అల కిందికి జారింది. దీవికి ఇవతల ఏనుగుసుడి అనే గుండం ఉంది. పుట్టి దాని అంచుకు రాగానే మాచమ్మ తెడ్డు పైకెత్తి ఒళ్ళో పెట్టుకుంది. పుట్టి గిరగిరా తిరగడం మొదలెట్టింది.

“ఏమిటే ఇది? తెడ్డు వెయ్యి.”

“శాలువా, తలపాగా, బెత్తం ఇలా ఇవ్వండి, వేస్తాను.”

“నేనెవరో తెలుసా నీకు?”

“తెలుసండీ. మీకే నేనెవరో తెలియదు. ఆ పిక్కల దండ పిల్ల తల్లిని.”

శాస్త్రి మూడుచుట్లు తిరిగేదాకా బెదిరించాడు, అయిదుచుట్లు తిరిగేదాకా బతిమాలాడు, ఏడోచుట్టులో తలపాగా ఇచ్చేశాడు. దీవి ఒడ్డు తగలగానే మాచమ్మ దూకి, పుట్టిని కాలితో నెమ్మదిగా నీళ్ళల్లోకి తోసింది. గట్టువార నిలకడగా తిరిగే చిన్నసుడి అది. ప్రాణానికేం భయం లేదు. ఒక్క తెడ్డు అడ్డంగా వేస్తే ఒడ్డుకొస్తుంది. నాలుగేళ్ళప్పుడే తంగేడు కనిపెట్టిన కిటుకు. ఆ కిటుకు పదిహేడు గ్రంథాల్లో దేనిలోనూ లేనట్టుంది, శాస్త్రి తెడ్డును గుండెలకు హత్తుకుని గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు.

మాచమ్మ చీరమీదే శాలువా కప్పుకుని, తలపాగా కనుబొమలదాకా దించి, బెత్తం ఊపుకుంటూ సౌధద్వారం చేరింది. నెరిసిన మీసాల ద్వారపాలకుడు బల్లెం అడ్డంపెట్టాడు.

“శాస్త్రిగారేనా? నడకా వాలకమూ వేరేగా ఉన్నాయే. ఎందుకొచ్చారు?”

పట్టుబడితే తన తల పోతుంది, దానితోపాటు పిల్ల పోతుంది. పరీక్షాధికారులు ఇలాంటప్పుడు ఏం చేస్తారని మాచమ్మ ఆలోచించింది. జవాబు చెప్పరు, ఎదురు అడుగుతారు.

“ప్రశ్నలడిగే అధికారం నీకెవరిచ్చారోయ్? తొమ్మిదో ఏట నీకెన్ని గవ్వలొచ్చాయి?”

యాభై దాటిన ఆ మనిషి తల ఒక్కసారి కిందికి వాలింది. “ముప్పై ఎనిమిదండీ,” అన్నాడు, ఎవరైనా వింటారేమో అన్నట్టు చిన్నగా. పెళ్ళిళ్ళూ పేరంటాలూ అయి, మనవలు పుట్టి, మీసాలు నెరిసినా ఆ ముప్పై ఎనిమిది మాత్రం మనిషిని వదల్లేదు.

“మరి తలుపు తియ్యి.”

తీశాడు.

మేధావులకు జరిగే సేవలేమిటో మాచమ్మ అప్పుడు చూసింది. మొదటి అంతస్తులో, బయటి బళ్ళల్లో చెప్పే పాఠాలే, రెండింతలు. తెలిసినవాడికి తెలిసిందే మళ్ళీ రెండుసార్లు చెప్పడం ఇక్కడ గౌరవమట. రెండో అంతస్తులో ముప్పై వెండిపళ్ళేలు, పళ్ళేల నిండా సరస్వతాకు ముద్ద. అంచుల మీద చిన్న చిన్న పంటిగాట్లు. మూడో అంతస్తులో ఎత్తుపల్లాల పీటలు, మొదటివాడికి అన్నిటికంటే ఎత్తుది, ఆఖరివాడికి చాపముక్క. తొంభై గవ్వలు తెచ్చుకున్న పిల్లలకు కూడా ఇక్కడ మళ్ళీ ఒక ఆఖరివాణ్ణి తయారుచేశారు. నాలుగులో ఇసుక గడియారాలు. అయిదులో ఒక బల్లమీద ఉత్తరాలు రాసే యంత్రపుబొమ్మ, దాని చెక్కచేతిలో కారే కలం. ‘మేము క్షేమం. పాఠాలు బాగున్నవి.’ మరక.

ఏ అంతస్తులోనూ పిల్లలు లేరు. పీటలమీద నలిగిన పరుపులున్నాయి. ఒక పీట కింద చిన్న చెప్పుల జత ఉంది. మాచమ్మ వాటికేసి రెండోసారి చూడలేదు. చూస్తే అక్కడే కూలబడిపోతుంది.

ఆరో అంతస్తు తలుపు తోసింది.

పంజరాలు. గోడనుంచి గోడకు, నేలనుంచి పైకప్పుకు, మూడువందలకు పైగా పంజరాలు. ప్రతి పంజరంలో ఒక మైనా. అన్నీ ఒక్క గొంతుతో ఎక్కాలు చదువుతున్నాయి. కింది వరుసలో ముప్పై పంజరాలు కొత్తగా తళతళలాడుతున్నాయి, వాటిలో మైనాలకు ఇంకా రెక్కలు సరిగ్గా రాలేదు. పొద్దుటే అయిపోయారు, అన్న మాటకు అర్థం ఇదన్నమాట.

మాచమ్మ నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. ఇక్కడికి ఇంతమందినీ దాటించినవి ఆమె చేతులే.

పంజరాల మధ్యనుంచి ఎక్కాలు కాని చప్పుడొకటి వచ్చింది. రెండు పొట్టికూతలు, ఒక పొడుగుకూత.

“సింగారీ,” అంది మాచమ్మ.

మూలనున్న మైనా తల పక్కకు వాల్చి చూసింది. పదమూడో ఎక్కం అందుకుంది, మధ్యలో ఆగి, మళ్ళీ ఈల వేసింది.

పైనుంచి, మేధామణి మహిమంతా పిల్లకు చెబుతున్న జంబాలుడి గొంతు వినిపించింది. మాచమ్మ రెండేసి మెట్లు ఎక్కింది.

ఏడో అంతస్తు అంతా ఒకటే గది. దాని ఒక గోడ మొత్తం కంచుముఖం. ఏనుగంత ముక్కు, చక్రాలంత కళ్ళు, గట్టిగా మూసిన పెదవులు. ఆ పెదవులే తలుపు. వాటి వెనక మేధామణి ఉంది. ఆ మణి ఎవరి చేతికందితే, మైనాలైన పిల్లల తెలివంతా వాళ్ళ బుర్రలోకి వెళుతుంది. లేదా, వాళ్ళకు బుద్ధి పుడితే, ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యొచ్చు. ముఖం ఏడాదికొక్కరోజే, అదీ సూర్యాస్తమయం లోపే ప్రశ్న అడుగుతుంది. నోరు మూసుంది కనక ముక్కుతోనే మాట్లాడుతుంది. ఎప్పుడూ ఒకటే ప్రశ్న. తప్పు చెప్పినవాళ్ళను మైనాను చేస్తుంది. జంబాలుడు తనే చెప్పచ్చు కదా అంటే, తప్పితే తను మైనా అవుతాడు. ఊళ్ళోవాళ్ళ పిల్లలుండగా తనెందుకవ్వాలి?

కిటికీలోంచి సూర్యుడు తాటిచెట్ల మీదికి దిగాడు. కంచుముఖం ముందు తంగేడు నిలబడి ఉంది, మెడలో పిక్కల దండతో.

“వచ్చావా శాస్త్రీ, ఆలస్యంగా. ఆ మూల నిలబడు,” అన్నాడు జంబాలుడు వెనక్కి తిరక్కుండానే. అతను కూడా మనుషుల ముఖాలు చూసేరకం కాదు.

కంచుముఖం ముక్కుతో పలికింది. “నా నోట్లో పళ్ళెన్ని?”

“విన్నావుగా పిల్లా,” అన్నాడు జంబాలుడు. “మొదటి ఏడాది పిల్లల చేత ముప్పైరెండని చెప్పించాను, తప్పింది. తప్పిన ప్రతిసారీ దీనికి పళ్ళు పెరుగుతాయో, తరుగుతాయో. ఏ గ్రంథంలోనూ ఈ లెక్క లేదు. నూరూ తెలిసినదానివి, ఇదీ తెలిసే ఉంటుంది. చెప్పు.”

తంగేడు తల తిప్పి శాస్త్రికేసి చూసింది. ఆకుపచ్చ తలపాగా కింద ఆ కళ్ళు శాస్త్రివి కావు. ఆ చెయ్యి చెవి తమ్మె మీద ఉంది.

అమ్మ. చెయ్యి చెవిమీద ఉంది. అంటే తప్పే చెప్పాలి.

మాచమ్మకు అప్పుడు తెలిసింది పిల్లను చూడగానే తన చెయ్యి అలవాటుగా మళ్ళీ చెవిమీదికే పోయిందని. తప్పు చెబితే పిల్ల మైనా. ఒప్పేమిటో తనకు తెలియదు, తెలియనిది చెప్పమని ఎలా చెబుతుంది? ఏడాదిపాటు పిల్ల తెలివిని బొగ్గులకింద నిప్పులా కప్పిపెట్టింది. ఇప్పుడా నిప్పు తప్ప ఇంకేదీ పిల్లను కాపాడలేదు.

ఆమె చెవిమీది చెయ్యి తీసేసింది.

తంగేడు కళ్ళు మెరిశాయి. కంచుముఖానికేసి తిరిగి, పుట్టిలో ప్రయాణికులతో మాట్లాడినట్టే మాట్లాడింది.

“ఒకసారి నోరు తెరువు. లెక్కపెట్టి చెబుతాను.”

కింద మైనాలు ఎక్కాలు ఆపేశాయి.

“ఇన్నాళ్ళకు ఒకళ్ళు అడిగారు,” అంది కంచుముఖం. “అందరూ చూడకుండానే చెబుతారు. ఇంత తెలిసినవాళ్ళు చూస్తామంటే నామోషీ అనుకుంటారేమో.” కంచు కీచుమంది. దుమ్ము రాలింది. పెదవులు విడివడి, నోరు గుహలా తెరుచుకుంది. రెండువరుసల పళ్ళు, ఒక్కోటి తిరగలి రాయంత. లోపల ఎక్కడో లోతున పచ్చటి వెలుగు.

“లెక్క ముగించి సంఖ్య చెప్పేదాకా నోరు తెరిచే ఉంచుతాను,” అంది ముఖం. “సంఖ్య ఒప్పయితే నోరు మూసి మళ్ళీ తెరవను. సంఖ్య తప్పయితే నువ్వు మైనావి. మధ్యలో లెక్క తప్పితే ఏం ఫరవాలేదు, మొదటినుంచి పెట్టుకో. తొందరేం లేదు.”

జంబాలుడు ఇదేమీ విన్నట్టు లేదు. పచ్చవెలుగు చూడగానే పిల్లను పక్కకు నెట్టి, జడలు పట్టుకుని, కింది పళ్ళమీదుగా లోపలికి దూకాడు. నాలుక మీదుగా అతని అడుగుల చప్పుడు లోతుకు పోయింది.

తంగేడు లెక్కపెడుతూనే ఉంది. “ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది...” లెక్క చివరికొచ్చింది. కుడిమూల రెండే పళ్ళు మిగిలాయి. అక్కడ ఆగి అంది, “అమ్మా, సంఖ్య చెప్పెయ్యనా? చెబితే వాడు లోపలే ఉండిపోతాడు. మనం ఇంటికెళ్ళిపోవచ్చు.”

మాచమ్మ తొమ్మిదేళ్ళుగా కోరుకున్నది అంతే. పిల్ల దక్కడం. ఇంటికెళ్ళి తలుపేసుకోవడం. బెల్లమన్నం. ఆమె నోరు తెరిచి చెప్పెయ్యమనబోయింది.

కింది అంతస్తులో ఈల. రెండు పొట్టి, ఒకటి పొడుగు.

తలుపు మూసుకుంటే మణి లోపలే ఉంటుంది. మూడువందల ఇళ్ళ గుమ్మాలకు ఇత్తడి పలకలుంటాయి. ఏడాదికొక ఉత్తరం వస్తుంది.

మాచమ్మ తలపాగా విసిరికొట్టింది. శాలువా నడుముకు బిగించింది. పుట్టిని పొంగులోకి దింపేముందు చేసినట్టే కింది పన్నుమీద చేత్తో తట్టి చూసి, కాలు పెట్టింది. లోపల చీకటి. అవతల మంత్రగాడు. పడితే ఎముకలు దొరకవు. ఏమేం జరగవచ్చో అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆమె కళ్ళముందు తిరిగాయి, ఎప్పటిలాగే.

“అమ్మా,” అంది తంగేడు. “నేనేం చెయ్యను?”

“నేను తిరిగొచ్చేదాకా లెక్క తప్పుతూ ఉండు,” అంది మాచమ్మ లోపలికి దిగుతూ. “నీకు బాగా అలవాటేగా.”

సూర్యుడు తాటిచెట్ల వెనక్కి జారుతున్నాడు. తంగేడు మెడలోని దండ తీసి చేతిలో పట్టుకుని, మొదటి పన్నుకేసి చూసి, మొదటి పిక్కను పక్కకు జరిపింది.

“ఒకటి,” అంది. “రెండు. నాలుగు. అయ్యో, తప్పింది. మళ్ళీ ఒకటి.”